చిత్తూరు, తిరుపతి మామిడితోపుల్లో పొటాష్: ఎంత వెయ్యాలి, ఏది వెయ్యాలి, ఎప్పుడు వెయ్యాలి

తోతాపురి కోతలు అయిపోయి పల్ప్ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్ల వరస తగ్గాక, ఎరువుల అంగళ్ల దగ్గర జనం పెరుగుతారు. అక్కడ ఎక్కువమంది అడిగే మాట ఒకటే: "ఎకరాకి ఎన్ని మూటలు?" అంగడాయన కూడా తడుముకోకుండా 17-17-17 (నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ 17 శాతం చొప్పున ఉన్న కాంప్లెక్స్ ఎరువు) ఇన్ని, పొటాష్ ఇన్ని అని చెప్పేస్తాడు. ఆ లెక్కలో చెట్టు వయసు ఉండదు, పోయిన కాపు ఉండదు, నేలలో ఇప్పటికే ఉన్నది ఉండదు, బోరు నీళ్ల సంగతి అసలే ఉండదు.

పొటాష్ విషయంలో మూట లెక్క పనికిరాదు, చెట్టు లెక్క కావాలి. ఆ లెక్క ఎలా కట్టాలో వరసగా చెబుతాను. కాగితం, పెన్ను, ఫోనులో క్యాలిక్యులేటర్ ఉంటే చాలు.

ముందుగా: పొటాష్ చేసేది, చెయ్యలేనిది

ఆకులో తయారైన చక్కెరను కాయకు చేరవెయ్యడంలో పొటాష్‌లోని పోషకమైన పొటాషియం పాత్ర పెద్దది. ఆకు మీది సన్నటి రంధ్రాలు తెరుచుకోవడం, మూసుకోవడం కూడా దీని మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే పొటాష్ చాలని చెట్టు ఎండకు తొందరగా వడలిపోతుంది, కాయ సైజు తగ్గుతుంది, తీపి చాలదు. తోతాపురి పల్ప్‌కు సాధారణంగా కనీసం 14 బ్రిక్స్ (రసంలో తీపిని కొలిచే అంకె) అడుగుతారు కాబట్టి, మన జిల్లాలో తీపి అనేది రుచితో పాటు వ్యాపారం కూడా. అలాగని ముదరకముందే కోసిన కాయకు పొటాష్ తీపి తేలేదు. నీటి ఎద్దడితో రాలిపోయే పిందెనూ ఆపలేదు. నాలుగు మూటలు వేసినా బ్రిక్స్ రాలేదని బాధపడేవాళ్లలో కొందరు నిజానికి పది రోజులు ముందు కోసినవాళ్లే.

మొదటి మెట్టు: మట్టి పరీక్ష

కోతలు అయ్యాక, ఎరువు వెయ్యకముందు మట్టి తియ్యాలి. మామిడికి ఎకరం మధ్యలో నిలబడి నాలుగు గడ్డపార దెబ్బలు వేసి తీస్తే లాభం లేదు. వేర్లు మేసేది చెట్టు నీడ కింద. ఒకే రకం నేల, ఒకే వయసు చెట్లు ఉన్న భాగంలో ఎనిమిది, పది చెట్లు ఎంచుకుని, మొదలుకు మీటరున్నర నుంచి రెండు మీటర్ల దూరంలో తవ్వండి. పైన ఒక అడుగు లోతు వరకు ఉన్న మట్టి వేరుగా, ఆ కింది అడుగు మట్టి వేరుగా తియ్యాలి. పోయిన ఏడు ఎరువు వేసిన గాడిని, గట్టును, దిబ్బ పోసిన చోటును వదిలెయ్యండి. పై మట్టి అంతా ఒకటిగా, కింది మట్టి అంతా ఒకటిగా కలిపి, ఒక్కోదాన్ని నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అర కిలోకు తెచ్చి, నీడలో ఆరబెట్టి గుడ్డ సంచిలో కట్టాలి. ఖాళీ పొటాష్ సంచిలో మాత్రం కట్టొద్దు. సంచికి అంటుకున్న నాలుగు పలుకులే ఫలితాన్ని తారుమారు చేస్తాయి.

నమూనా ఎక్కడ ఇవ్వాలో ఊరి రైతు సేవా కేంద్రంలో చెబుతారు. తిరుపతిలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం కూడా ఉంది.

కార్డు చేతికొచ్చాక పొటాష్ అంకె చూడండి. హెక్టారుకు 145 కిలోల లోపు ఉంటే తక్కువ, 145 నుంచి 340 వరకు మధ్యస్థం, 340 దాటితే ఎక్కువ. కార్డులో ఎకరా లెక్క ఇచ్చి ఉంటే ఈ హద్దులు సుమారు 59, 138 అవుతాయి. ఒక చిక్కుంది. కొన్ని చోట్ల పొటాష్ అని కాకుండా పొటాషియం అని ఇస్తారు. అప్పుడు ఆ అంకెను 1.2తో గుణిస్తే బస్తా మీద రాసే పొటాష్ లెక్క వస్తుంది. ఇది చూసుకోకపోతే మధ్యస్థం ఉన్న నేల తక్కువగా కనబడుతుంది.

మన రాళ్లలోనే పొటాషియం ఉంది. ఎర్రగా, గులాబీ రంగులో మెరిసే గ్రానైట్‌కు ఆ రంగు తెచ్చే ఖనిజం పొటాష్ ఫెల్డ్‌స్పారే. అది కరిగి వేరుకు అందడం చాలా నెమ్మది. పైగా గరప ఎర్ర నేలలకు పోషకాన్ని పట్టి ఉంచుకునే శక్తి తక్కువ, గట్టి వాన పడితే కిందికి దిగిపోతుంది. కాబట్టి పక్క తోపు కార్డు చూసి మన తోపుకు వెయ్యడం కుదరదు. కొండ వాలు తోపుకు, చెరువు కింద తోపుకు పోలికే ఉండదు.

రెండో మెట్టు: బోరు నీళ్ల పరీక్ష

దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. నా దృష్టిలో మట్టి పరీక్ష కంటే ఇదే ముందు చేయించాలి, ఎందుకంటే ఏ రకం పొటాష్ కొనాలో తేల్చేది ఇదే.

మనకు చవగ్గా దొరికే మ్యూరేట్ ఆఫ్ పొటాష్, అంటే ఎంఓపీలో 60 శాతం పొటాష్‌తో పాటు సుమారు 47 శాతం క్లోరైడ్ ఉంటుంది. మామిడి క్లోరైడ్‌ను ఓర్చుకోలేదు. ఆకుల కొసలు ఇటుక రంగుకు తిరిగి ఎండిపోతాయి. దాంతో "ఎంఓపీ విషం, మామిడికి వెయ్యనే కూడదు" అనేవాళ్లు ఒకవైపు, "మా నాయన కాలం నుంచి అదే వేస్తున్నాం, ఏం కాలేదు" అనేవాళ్లు ఇంకోవైపు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది, తేడా నీళ్లలో ఉంది.

లెక్క చూడండి. ఒక చెట్టుకు ఏడాదికి కిలోంబావు ఎంఓపీ వేస్తే చేరే క్లోరైడ్ సుమారు 600 గ్రాములు. అదే చెట్టుకు ఎండాకాలంలో రోజుకు 60 లీటర్ల చొప్పున 120 రోజులు డ్రిప్ పెట్టారనుకుందాం. మొత్తం 7,200 లీటర్లు. ఆ నీళ్లలో లీటరుకు 300 మిల్లీగ్రాముల క్లోరైడ్ ఉంటే చెట్టు కింద చేరేది 2 కిలోల 160 గ్రాములు. ఎంఓపీతో వచ్చినదానికి మూడున్నర రెట్లు! ఎంఓపీ మానేసి, అవే నీళ్లు పెడుతూ ఉంటే ఆకు కాలడం ఎక్కడ ఆగుతుంది?

నీళ్ల రిపోర్టులో క్లోరైడ్ లీటరుకు 140 మిల్లీగ్రాముల లోపు ఉంటే భయం లేదు. 140 నుంచి 350 వరకు జాగ్రత్త పడాలి. అది దాటితే ఆ తోపులో ఎంఓపీ జోలికి పోకపోవడమే మంచిది. రిపోర్టులో మిల్లీ ఈక్వివలెంట్లలో ఇస్తే 35.5తో గుణించుకోండి.

మూడో మెట్టు: ఆకును చదవడం

పొటాష్ లోపమైనా, ఉప్పు దెబ్బ అయినా ముందు ముదురాకు మీదే కనిపిస్తాయి కాబట్టి చాలామంది పొరబడతారు. లోపమైతే ఆకు చిన్నదిగా, పల్చగా వస్తుంది, పసుపు చుక్కలు అడ్డదిడ్డంగా పడతాయి, తర్వాత అంచు వెంబడి ఎండుతుంది. క్లోరైడ్ దెబ్బ అయితే కొస నుంచి మొదలై లోపలికి పాకుతుంది, ఎండాకాలం నడిమికి ముదురుతుంది, ఆకు రాలుతుంది. ఇంకో సులువైన గుర్తు: అదే తోపులో డ్రిప్ అందని, వానాధారంగా బతికే చెట్లు ఉంటే వాటి ఆకులు చూడండి. అవి బాగుండి, డ్రిప్ చెట్లే కాలి ఉంటే తప్పు నీళ్లదే. ఆ కాలిన ఆకును చూసి పొటాష్ లోపం అనుకుని ఇంకో మూట ఎంఓపీ పోస్తే పుండు మీద కారమే.

ఖాయంగా తెలియాలంటే ఆకు పరీక్ష చేయించుకోవచ్చు. కాయ లేని రెమ్మల నడిమి నుంచి, నాలుగు నుంచి ఏడు నెలల వయసున్న ఆకులు, తోపు నలుమూలల చెట్ల నుంచి తియ్యాలి. చిగురాకు, పండాకు పనికిరావు.

నాలుగో మెట్టు: చెట్టు లెక్క

మన రాష్ట్రంలో మామిడికి చెప్పే మోతాదు గుర్తుపెట్టుకోవడం సులువు. చెట్టు వయసు ఎన్నేళ్లో అన్ని వంద గ్రాముల నత్రజని, అంతే భాస్వరం, అంతే పొటాష్. పదేళ్లు దాటాక ఒక్కోటి కిలో దగ్గర ఆగుతుంది. మూడేళ్ల మొక్కకు 300 గ్రాముల పొటాష్, అంటే అర కిలో ఎంఓపీ. ముదురు చెట్టుకు కిలో పొటాష్, అంటే కిలో 670 గ్రాముల ఎంఓపీ.

ఇది మొదలుపెట్టే అంకె మాత్రమే. ఇక్కణ్ణుంచి కూడికలు, తీసివేతలు ఉన్నాయి.

మట్టి కార్డులో తక్కువ అని వస్తే 30 శాతం కలపండి, ఎక్కువ అని వస్తే 30 శాతం తగ్గించండి, మధ్యస్థమైతే అలాగే ఉంచండి.

తర్వాత దిబ్బెరువు లెక్క. బాగా మాగిన పసుల ఎరువులో సుమారు అర శాతం పొటాష్ ఉంటుంది. చెట్టుకు 50 కిలోలు వేస్తే పావు కిలో పొటాష్ వేసినట్టే. ఎరువులోని నత్రజని నెమ్మదిగా వదులుతుంది గానీ పొటాష్ అలా కాదు, తడి తగిలితే చాలావరకు ఆ ఏడే అందుతుంది. కాబట్టి దీన్ని పూర్తిగా తీసెయ్యొచ్చు.

కాంప్లెక్స్ వేస్తుంటే అదీ తియ్యాలి. రెండు కిలోల 17-17-17లో 340 గ్రాముల పొటాష్ ఉంటుంది. 28-28-0లో, 20-20-0-13లో పొటాష్ ఉండదు. మూడో అంకె పొటాష్‌ది, అక్కడున్న సున్నాను చూడకుండా "కాంప్లెక్స్ వేశాంలే" అనుకునేవాళ్లు ఉన్నారు.

ఇప్పుడొక ఉదాహరణ. పదిహేనేళ్ల తోతాపురి, నేల మధ్యస్థం, చెట్టుకు 50 కిలోల దిబ్బెరువు, కాంప్లెక్స్ లేదు. కిలో పొటాష్‌లో పావు కిలో తీస్తే 750 గ్రాములు. దాన్ని 0.6తో భాగిస్తే కిలోంబావు ఎంఓపీ. పది మీటర్ల ఎడం ఉన్న తోపులో ఎకరాకు 40 చెట్లు. మొత్తం 50 కిలోలు, సరిగ్గా ఒక మూట. అదే నేలలో పొటాష్ ఎక్కువగా ఉంటే చెట్టుకు 750 గ్రాముల ఎంఓపీ, ఎకరాకు 30 కిలోలు. తక్కువ ఉంటే చెట్టుకు కిలోముప్పావు, ఎకరాకు 70 కిలోలు. చూడ్డానికి ఒకేలా ఉండే మూడు తోపులు, మధ్యలో రెట్టింపుకు మించిన తేడా.

లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికి ఇంకో దారి కాపు. టన్ను కాయలతో తోపు దాటిపోయే పొటాష్ సుమారు 2 కిలోలు. చెట్టుకు 200 కిలోల కాయలు కోస్తే 400 గ్రాములు పోయినట్టు. పైన చెప్పిన పొటాష్ ఎక్కువ ఉన్న నేలలో ఎంఓపీతో ఇచ్చేది 450 గ్రాములు, దిబ్బెరువు అదనం. అంటే కోసుకున్నది తిరిగి ఇచ్చేస్తున్నాం. నేలలో ఎక్కువ ఉంది కదా అని పూర్తిగా ఆపెయ్యకపోవడానికి కారణం ఇదే.

ఇక కత్తిరించిన కొమ్మలు, రాలిన ఆకులు. ఆకులోని పొటాషియం నీళ్లకే కరిగి దిగుతుంది, కుళ్లేదాకా కూడా ఆగదు. చెట్టు కింద పరిచిన ఆకు రెండు వానలు తడిస్తే చాలు. అదే ఆకు ఊడ్చి గట్టు మీద కాల్చేస్తే పొటాష్ అంతా ఒక్క చోట బూడిదై, గాలికీ వానకూ పోతుంది, నత్రజని పొగవుతుంది. ప్రతి ఏడూ ఆకు కాల్చి ప్రతి ఏడూ మూట కొనే తోపులు మన జిల్లాలో తక్కువేం కాదు.

దగ్గర దగ్గరగా నాటిన తోపులవాళ్లకు ఒక హెచ్చరిక. ఐదు మీటర్ల ఎడంలో ఎకరాకు 160 చెట్లు పడతాయి. ఒక్కోదానికి కిలో పొటాష్ అంటే ఎకరాకు 267 కిలోల ఎంఓపీ! అక్కడ చెట్టు అంకె వదిలేసి ఎకరా అంకె పట్టుకోవాలి. మామూలు తోపుకు ఎకరాకు పడే 40 కిలోల పొటాష్‌నే 160 చెట్లకు పంచితే ఒక్కోదానికి పావు కిలో. కాపు ఎక్కువొస్తే టన్నుకు 2 కిలోల లెక్కన సరిచూసుకోండి.

ఎక్కువైతే ఏమవుతుంది

పొటాష్ ఎక్కువైతే చెట్టు చావదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కానీ వేరు దగ్గర పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం పోటీ పడతాయి. ఒకటి పొంగితే మిగతావి లోపలికి పోలేవు. ఆపిల్ రైతులకు ఈ సంగతి బాగా తెలుసు. పొటాష్ ఎక్కువై కాయలో కాల్షియం తగ్గితే తొక్క మీద గుంటలు పడి, కింద కండ గోధుమ రంగుకు తిరిగే జబ్బు వస్తుంది, నిల్వలో పెట్టాక బయటపడుతుంది. మామిడిలోనూ కండ మెత్తబడటం, లోపల చెడటం లాంటివాటికి కాల్షియం తక్కువ కావడంతో సంబంధం ఉంది. గరప నేలల్లో ముదురాకు ఈనెల మధ్య పసుపు తిరుగుతుంటే, ఇంకో మూట పొటాష్ కొనేముందు మెగ్నీషియం సంగతి చూడండి.

ఐదో మెట్టు: ఏ పొటాష్

ఎంఓపీ, తెల్లదైనా ఎర్రదైనా పొటాష్ 60 శాతమే. రంగు తేడా గనిలో కలిసిన ఇనుము వల్ల. నీళ్లు మంచివై, వానాకాలంలో వేస్తే ఇంతకంటే చవకది లేదు, వాన క్లోరైడ్‌ను కిందికి కడిగేస్తుంది కూడా.

సల్ఫేట్ ఆఫ్ పొటాష్, అంటే ఎస్ఓపీలో 50 శాతం పొటాష్, 17.5 శాతం గంధకం, క్లోరైడ్ దాదాపు ఉండదు. ధర ఎక్కువ. ఉప్పు నీళ్ల తోపులకు, ఎండాకాలం డ్రిప్‌లో ఇచ్చే విడతకు ఇదే సరి. తోపంతటికీ ఏడాది పొడవునా ఎస్ఓపీయే వాడాలన్న సలహా మాత్రం, నీళ్లు మంచివైన చోట, నాకు దండగనిపిస్తుంది.

పొటాషియం నైట్రేట్, అంటే 13-0-45, పిచికారీకి, డ్రిప్‌కు. చక్కెర ఫ్యాక్టరీల మొలాసిస్ నుంచి తీసే పొటాష్‌లో 14.5 శాతమే ఉంటుంది. దాన్ని మూట ధర చూసి కొనకండి.

ధర పోల్చడానికి సూత్రం ఒకటే. మూట ధరను అందులో ఉన్న పొటాష్ కిలోలతో భాగించండి. 50 కిలోల ఎంఓపీ మూట 1,700 అనుకుంటే, అందులో 30 కిలోల పొటాష్, కిలో 57 రూపాయలు పడింది. పక్కనున్న చవక మూట 700 అనుకున్నా, 14.5 శాతమే ఉంటే కిలో 97 పడుతుంది.

పొటాష్‌ను కరిగించే జీవన ఎరువులు కూడా అమ్ముతున్నారు. మాగిన ఎరువులో కలిపి వేసుకోవచ్చు, కానీ వాటి పేరు చెప్పి మోతాదు తగ్గించొద్దు.

ఆరో మెట్టు: ఎప్పుడు, ఎక్కడ

వానాధారం తోపుకు సమాధానం చిన్నది. కోత అయ్యాక, ఎండు పుల్లలు తీసి, కలుపు కొట్టి, నేల బాగా తడిసిన వెంటనే వెయ్యాలి. సెప్టెంబరు లోపు పూర్తవ్వాలి. ఫిబ్రవరిలో పిందె మీద ఎండు నేలలో పోసిన పొటాష్ ఎక్కడ పోస్తే అక్కడే ఉంటుంది.

నీళ్లున్నవాళ్లు మూడింట రెండు వంతులు కోత తర్వాత, మిగతాది పిందె గోళీ సైజుకు వచ్చినప్పుడు ఇవ్వొచ్చు. గరప నేలైతే మొదటి భాగాన్ని కూడా రెండు సార్లుగా వెయ్యండి. తూర్పున శ్రీకాళహస్తి, సత్యవేడు, నాగలాపురం వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల జడివానలు ఎక్కువ, అంతా ఒకేసారి వేస్తే కొంత చేజారుతుంది. పడమర పలమనేరు, పుంగనూరు వైపు ఆ భయం కాస్త తక్కువ.

అక్టోబరు తర్వాత పొటాష్‌కు తోడుగా యూరియా మాత్రం వెయ్యకండి. పూతకు చెట్టు ఆగాల్సిన కాలంలో చిగురు తొడుగుతుంది.

ఎరువును మొదట్లో కుప్ప పోస్తే చెట్టుకు అందేది తక్కువ. ముదురు చెట్టుకు మొదలుకు మీటరున్నర, రెండు మీటర్ల దూరంలో, జానెడు లోపు లోతులో వెడల్పాటి గాడి తీసి, ఎరువు పలచగా చల్లి, మట్టి కప్పి, తడి ఇవ్వాలి. వాలు నేలలో గుండ్రటి గాడి కంటే ఎగువ వైపు అర్ధచంద్రం మేలు, నీళ్లతో పాటు అదే కిందికి దిగుతుంది. డ్రిప్ తోపులో నీళ్లు పడి తడిసే చోటే వెయ్యాలి, వేర్లు అక్కడే ఉంటాయి.

డ్రిప్‌లో ఇచ్చేవాళ్లు డ్రమ్ము దగ్గర ఒకటి గమనించాలి. ఎస్ఓపీ నీళ్లలో కరగడం తక్కువ. 100 లీటర్ల డ్రమ్ములో 8 కిలోలకు మించితే అడుగున పేరుకుంటుంది. పొటాషియం నైట్రేట్ దాని కంటే చాలా బాగా కరుగుతుంది. కాల్షియం నైట్రేట్‌ను, ఎస్ఓపీని ఒకే డ్రమ్ములో కలిపితే జిప్సం గడ్డకట్టి డ్రిప్పర్లు మూసుకుపోతాయి, వేర్వేరు రోజుల్లో ఇవ్వండి. ముందు వట్టి నీళ్లు, తర్వాత ఎరువు, చివర మళ్లీ వట్టి నీళ్లు.

పిచికారీ గురించి

పూత కోసం నవంబరు, డిసెంబరులో లీటరుకు 10 గ్రాముల 13-0-45 కొట్టడం మనకు అలవాటే. ముదిరిన రెమ్మ మీద మొగ్గ పగలడానికి అది ఉపయోగపడుతుంది, అందులో పని చేసేది ముఖ్యంగా నైట్రేట్. పొటాష్ మేతగా చూస్తే, చెట్టుకు 15 లీటర్లు కొట్టినా చేరేది 70 గ్రాముల లోపే, కిలో ఎక్కడ, ఇదెక్కడ! పిచికారీ చేశాం కదా అని నేల మోతాదు ఆపితే లెక్క తప్పుతుంది. కల్టార్ (చిగురు ఆపి పూత తెప్పించడానికి మొదట్లో పోసే మందు) పోసిన చెట్లయితే అసలు ఆపకూడదు, వాటి కాపు భారం ఎక్కువ.

చివరి మెట్టు: ఒక వరస వదిలి చూడండి

మట్టి కార్డు మధ్యస్థం లేదా ఎక్కువ అని చెబితే, తోపు నడిమిలో ఒక వరసకు పొటాష్ ఆపండి, మిగతా ఎరువులన్నీ మామూలుగా ఇవ్వండి. చెట్లకు రంగు పూసి గుర్తు పెట్టి, కోతలో ఆ వరస తూకం వేరుగా రాసుకోండి, బ్రిక్స్ కొలిచే రిఫ్రాక్టోమీటర్ దొరికితే ఒకే రోజు కోసి మాగిన పది కాయల బ్రిక్స్ చూడండి. ఒక ఏడుతో తేల్చేయొద్దు. బంగినపల్లి ఏడు విడిచి ఏడు కాస్తుంది, తోతాపురి కాస్త నయం, అయినా కనీసం మూడు కాపులు చూడాలి. తేడా రాకపోతే మోతాదును టన్నుకు 2 కిలోల లెక్కకు దించి, మూడేళ్లకొకసారి మట్టి చూపించుకోండి. వదిలిన వరసలో కాయ తగ్గిందంటే వచ్చే జూలైలో ఆ వరసకు మోతాదు తిరిగి మొదలుపెట్టండి, మిగతా తోపులో తగ్గించే ఆలోచన మానుకోండి.